కత్తి పెట్టినా చీము రాని గడ్డ

పదవీ విరమణ చేసి పన్నెండేళ్ళు దాటినా ఒక రైతు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు. ఆ సంగతి ఈనాడు మీకు చెప్పదలచాను.

అప్పుడు నేనొక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అరవై ఏళ్ళ ఆ రైతు కుడి తొడ వాపుతో వచ్చాడు. వాపు మొదలై రెండు నెలలైంది. కొద్దిగా జ్వరం, నొప్పి ఉన్నాయి. కండరంలో చీము పట్టడం మన ఉష్ణ ప్రాంతాలలో కనిపించేదే కనుక యాంటీబయాటిక్ ఇచ్చాను. పది రోజులకూ తగ్గకపోయేసరికి కత్తి పెట్టాను. చీము రాలేదు, చేపమాంసం వంటి తెల్లని కండ కనిపించింది. అందులో ముక్క తీసి పరీక్షకు పంపవలసింది. పంపలేదు. గాయానికి కట్టు కట్టి, మందు మార్చాను.

మూడు వారాల తరువాత ఆయన, "అయ్యా, చీము లేదన్నారు గదా. మరి లోపలున్నదేమిటయ్యా?" అని అడిగాడు. నా వద్ద సమాధానం లేదు. అప్పుడు గాని ఆయనను ఎమ్మారై పరీక్షకు పంపలేదు.

రేడియాలజిస్టు మిత్రుడు ఫిల్ములు చూపించాడు. వాపు ఒకచోట ముద్దకట్టక కండరపు పోగుల వెంట పొడవునా పాకింది. పొరను దాటి పక్కనున్న కండరాలలోకీ చేరింది. రక్తనాళాలు మాత్రం దాని మధ్యగా చెదరకుండా సాగుతున్నాయి. టి1 చిత్రంలో అది కండరం రంగులోనే కలిసిపోయింది; టి2లో తెల్లగా తేలింది. గడోలినియం ఎక్కించాక దాదాపు అంతటా ఒకే తీరున మెరిసింది. చీముగడ్డ అయితే అంచు మెరిసి నడుమ నల్లగా ఉండేది. సార్కోమా అయితే తరచు లోపల నశించిన భాగాలతో మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. "లింఫోమా కావచ్చు, ముందు బయాప్సీ చేయించండి" అన్నాడు.

ఆయన అనుమానమే నిజమైంది. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అని తేలింది.

లింఫోమా అనగానే మనకు మెడలో, చంకలో, గజ్జలో బిళ్ళలు గుర్తుకు వస్తాయి. అరుదుగా అది కండరంలోనూ కనబడుతుంది. ఈ తేడా తెలియడం ఎందుకు ముఖ్యమంటారా? సార్కోమాకు ప్రధాన చికిత్స శస్త్రచికిత్స, లింఫోమాకు మందులు. అంతేకాదు, ఆ గడ్డ సార్కోమా అయివుంటే, నేను తొందరపడి పెట్టిన కత్తి కణాలను చుట్టుపక్కలకు చిమ్మి ఉండేది. అందుకే లోతైన గడ్డకు సూది గుచ్చకముందే ఎమ్మారై తీయించడం మేలు.

అయితే ఎమ్మారై అనుమానాన్ని మాత్రమే కలిగిస్తుంది; తుది తీర్పు సూక్ష్మదర్శినిది. మరొక మాట: అత్యవసరమైతే తప్ప బయాప్సీకి ముందు స్టెరాయిడ్లు వాడరాదు. వాటితో లింఫోమా తాత్కాలికంగా కరిగి, బయాప్సీకి దొరకకుండా పోవచ్చు.

ఆరు విడతల కీమోథెరపీ తరువాత ఆ రైతు తన కాళ్ళతో నడిచి నా గదికి వచ్చాడు. వృథా అయిన ఆ రోజుల మాట ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పు నాదని చెప్పాను.

మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని ఐదు సెంటీమీటర్లు మించిన, పెరుగుతున్న, లోతుగా ఉన్న గడ్డ కనిపిస్తే ఉపేక్షించకండి. మందులకు తగ్గని వాపునూ అలాగే చూడండి. పేస్‌మేకర్ గాని, శరీరంలో లోహపు ముక్కలు గాని, మూత్రపిండాల జబ్బు గాని ఉంటే ఎమ్మారైకి ముందే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రైతు అడిగిన ప్రశ్నను మీ వైద్యుణ్ణి మొహమాటపడక అడగండి.