గుడ్డ కింద పడుకోడానికి డబ్బులిస్తారా?



పోయిన పక్షుల సీజన్లో రెండు రాత్రులు గుడారంలో పడుకున్నాను. మామూలు గుడారం కాదు. లోపల ఏసీ, మంచం మీద తెల్ల దుప్పట్లు, వెనకాల వేణ్ణీళ్ళ స్నానాల గది, ముందు చెక్క వరండా, వరండా ముందు పులికాట్ సరస్సు. తీరప్రాంత పర్యావరణం మీద ఒక సంస్థ శిక్షణ పెట్టి నన్ను మాట్లాడమని పిలిచింది. బస వాళ్ళే చూపించారు. ఒక్క రాత్రి అద్దె ఎంతో బోర్డు మీద చూశాను. మా అమ్మకి ఉపాధి హామీ పనిలో నెలంతా తట్టలు మోసినా అంత రాదు.

సూళ్లూరుపేట 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా నెల్లూరే. గూడూరు పక్క మాలపల్లెలో పుట్టిన నాకు ఈ సరస్సు కొత్త కాదు. బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూసిందే. మెత్తటి కుర్చీలో కాళ్ళు చాపుకుని చూడటం మాత్రం అదే మొదటిసారి.

అబద్ధం ఎందుకు, బాగుంది. పొద్దున్నే మంచులో ఫ్లెమింగోలు వరసగా నిలబడి తలకాయలు నీళ్ళలో ముంచి తింటుంటే చూస్తూ గంటసేపు కూర్చున్నాను. అందం చూసి ఆనందపడటం మనకు తప్పని నేననుకోను. మన తాతలకు సరస్సు అంటే పనిచోటే. తీరిగ్గా కూర్చుని చూసే హక్కు కూడా ఒక హక్కే.

గుడారం లోపల గోడకి ఒక పెద్ద ఫొటో వేలాడదీశారు. ఆఫ్రికా సింహం. పులికాట్లో సింహమేంటని అడిగితే, "సఫారీ ఫీల్ సార్" అన్నాడు కుర్రాడు. నవ్వుకున్నాను. కానీ ఆ సింహం నన్ను రాత్రంతా వదల్లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

రెండోరోజు పొద్దున మమ్మల్ని నడిపించి పక్షుల్ని చూపించడానికి ఒక యానాది పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చేతిలో బైనాక్యులర్ లేదు. దూరంగా చుక్కలా కనబడే పిట్టని చూసి అది ఏ పిట్టో, ఏం తింటదో, ఎప్పుడు పోతదో చెప్తున్నాడు. బురద మీద అడుగుజాడ చూసి రాత్రి నక్క వచ్చిందన్నాడు. మా శిక్షణలో పవర్ పాయింట్ వేసిన వాళ్ళెవరికీ అందులో సగం తెలీదు.

అక్కడ పనిచేసే ఇరవయ్యేళ్ళ పిల్లలు కూడా ఆయన్ని "ఏరా" అనే పిలుస్తున్నారు. నేను "పెద్దాయనా, మీరు తిన్నారా?" అంటే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నో అడుగుతున్నానేమో అని.

టిఫిన్ వేళకి మేమంతా డైనింగ్ గుడారంలోకి పోయాం. ఆయన వంటపాక వెనకాల కింద కూర్చున్నాడు. నా ప్లేటు తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చోబెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఇల్లు యాడ పెద్దాయనా?"

"యాడుందయ్యా ఇల్లు. కాలవ కట్ట మీద పట్టలు కట్టుకోనుండాం. వానొస్తే బడి అరుగు మీదికి పోతాం."

కాసేపు ఊరుకుని, మా గుడారాల వైపు చూసి, మెల్లగా అడిగాడు. "అయ్యా, మీరు గుడ్డ కింద పడుకోడానికి డబ్బులిస్తారా?"

ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది.

మిత్రులారా, మా ఇంట్లో గుడారం అనే మాటకి ఒకటే అర్థం. చీరాల. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. అక్కడి శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. మా నాన్న ఇక్కణ్ణుంచి బియ్యం మూట తీసుకుని పోయి వారం రోజులు ఉండి వచ్చాడు. "ఆ గుడారాల్లో ఎవరూ సరిగ్గా పడుకోలేదురా" అనేవాడు. ఇల్లు పోగొట్టుకున్నవాడు గుడారంలో ఉంటాడు. ఇల్లు ఉన్నవాడు సరదాకి గుడారంలో ఉంటాడు. పైన గుడ్డ ఒకటే. కింద పడుకున్నవాడికి తిరిగి పోవడానికి ఇల్లుందా లేదా అన్నదే తేడా.

ఇప్పుడు కొంచెం చరిత్ర. విద్యార్థులు రాసుకోండి.

పులికాట్‌లో మన రాష్ట్రం వైపు భాగాన్నీ, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టునీ 1976లో పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా 1976దే. ఒకే ఏడాది పిట్టకీ, వెట్టివాడికీ ప్రభుత్వం రక్షణ ఇచ్చింది. పిట్టకి కంచె వచ్చింది, గార్డు వచ్చాడు, 2001 నుంచి పండగ కూడా వచ్చింది. రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబం మాత్రం తీసుకున్న అడ్వాన్సుకి ఎన్నేళ్ళు కట్టుబడి ఉండాలో ఇప్పటికీ యజమానే చెప్తాడు.

సరస్సుకి అవతల ఉన్న శ్రీహరికోట యానాదుల అడవి. 1960ల చివర్లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. అడవిలో దుంపలూ తేనే ఏరుకున్నవాళ్ళు చాలామంది ఒడ్డుకి వచ్చి కట్టల మీద పడ్డారు. 2011 జనగణన ప్రకారం మన రాష్ట్రంలో యానాదులు 5 లక్షలకు పైనే. ఇంతమంది ఉండి, సొంత భూమి ఉన్నవాళ్ళని వెతుక్కోవాల్సిందే.

నేలపట్టు చెరువులో, నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలాలకి ఎరువని ఊరివాళ్ళు వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. మంచి మాట. కానీ ఆ నీళ్ళు పొలం ఉన్నవాడి పొలంలోకే పారతాయి. పక్షి అందరిదీ, దాని లాభం మాత్రం పట్టా ఉన్నవాడిది.

మీకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర్పిచ్చింది. చిలికా, పులికాట్ సరస్సులకి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదంది. అందులో నేలపట్టు పేరు కూడా ఉంది. ఆ కేసు వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్. ఆయన భార్య కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. 1968లో కీళ్వెన్మణిలో 44 మంది దళితుల్ని తగలబెట్టిన తర్వాత ఆ ప్రాంతానికి పోయి, భూమిలేని దళిత ఆడవాళ్ళకి భూమి ఇప్పించడానికి జీవితమంతా పెట్టింది. రొయ్యల చెరువులు వాళ్ళ పొలాల్నీ తాగే నీళ్ళనీ ఉప్పు చేస్తుంటే ఆ ఇద్దరూ పోరాటం మొదలుపెట్టారు. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చి ఆ తీర్పు పట్టు సడలించింది, అది వేరే కథ. నేను చెప్పేదేంటంటే, నేలపట్టు గూడబాతుకి సుప్రీంకోర్టులో దొరికిన రక్షణ వెనకాల భూమిలేని దళిత కూలీల పోరాటం ఉంది. "మీకు పర్యావరణం ఎందుకు?" అని అడిగేవాళ్ళకి ఈ జవాబు చెప్పండి.

ఇక సింహం సంగతి. ఆ ఫొటో ఎక్కడిదో గానీ, అలాంటి సింహాలుండే సెరెంగెటి నుంచి 1959లో మసాయి పశుల కాపరుల్ని పక్కనున్న ఎన్‌గొరొంగొరోకి పంపేశారు. కెన్యాలో మసాయి మారా చుట్టుపక్కల మాత్రం చాలాచోట్ల ఇంకో పద్ధతి ఉంది. భూమి మసాయి కుటుంబాల పేరు మీద ఉంటుంది. గుడారాల హోటళ్ళ కంపెనీలు వాళ్ళకి కౌలు కట్టాలి. అక్కడా మేత మీద ఆంక్షలున్నాయి, తగాదాలున్నాయి. అయినా పర్యాటకుడు వచ్చినప్పుడు మసాయి భూమి యజమాని. ఇక్కడ యానాది వంటపాక వెనకాల కూర్చున్న "ఏరా". మనవాళ్ళు సింహాన్ని తెచ్చి గోడకి తగిలించారు గానీ, ఆ కౌలు కాగితాన్ని తీసుకురాలేదు.

నేను పక్షులకి వ్యతిరేకిని కాదు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు, పశువులూ పక్షులూ తాగే నీళ్ళు మనిషి ముట్టుకోకూడదన్న ఊరిని ఎదిరించాడు. పక్షిని వెళ్ళగొట్టమనలేదు. పక్షికున్నపాటి చోటు మనిషికీ ఉండాలన్నాడు.

2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకీ వర్తిస్తుంది. నీటి వనరుల్లో చేపలు పట్టుకోవడాన్ని సామూహిక హక్కుగా రాసింది. అడిగేవాడు లేక ఆ హక్కు కాగితం మీదే ఉంది.

అడగాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా ఉద్యమంలో ఉన్నాను. అంబేద్కర్ జయంతికి యానాదుల్ని ట్రాక్టర్లలో తీసుకొచ్చాం, వెనక వరసలో కూర్చోబెట్టాం. స్టేజీ మీద మాలలం, మాదిగలం. ఆ వంటపాక వెనకాల కూర్చున్నప్పుడు మా సభల వెనక వరస గుర్తొచ్చింది. రిసార్టువాణ్ణి తిట్టడం తేలిక.

ఆ సాయంత్రం శిక్షణ ఎగ్గొట్టి పెద్దాయనతో కాలవ కట్ట మీదికి పోయాను. తొమ్మిది పట్టల గుడిసెలు. నలుగురు పిల్లలకి ఆధార్ లేదు. ఒక్క ఇంట్లో కూడా కుల ధ్రువీకరణ పత్రం లేదు. ఎస్టీలని రుజువు చేసుకోలేని ఎస్టీలు. రాత్రి ఏసీ గుడారానికి తిరిగొచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది. అలిసిపోయి ఉన్నాను.

తెల్లారి లేచి తొమ్మిది కుటుంబాల పేర్లూ నోటు పుస్తకంలో రాసుకున్నాను. దరఖాస్తులు పెట్టడం మొదలైంది. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట కాలేజీల విద్యార్థులు ఎవరైనా ఆదివారాలు రాగలిగితే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. ఫొటోలు దిగడానికి కాదు, ఫారాలు నింపడానికి.

పెద్దాయన ప్రశ్నకి నేనింకా జవాబు చెప్పలేదు. ఆయనకి ఇల్లు వచ్చిన రోజు చెప్తాను.

జై భీమ్.