కమాను కట్ట

ఎడ్లబండి నెక్కినవారికి బాటలోని మిట్టపల్లములను వేరుగ చెప్ప నక్కరలేదు. చక్రము రాతిపై కెక్కిన బండియు నెక్కును. గుంటలో దిగిన బండియు దిగును. ఎద్దుల నడక మెల్లనిది గనుక అది చెల్లినది. మోటారు బండికి అట్లు చెల్లదు. అందుచే దాని ఇరుసునకును చట్రమునకును నడుమ ఉక్కు పట్టీల కట్టను అమర్చుదురు. దానినే కమాను కట్ట యందురు. పారసీక భాషలో కమాను అనగా విల్లు.

మా బాన్సువాడ ప్రాంతమున 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో వరి పండుచున్నది. కోతల దినములలో ధాన్యపు బండ్లు మట్టిబాటల వెంట సాగుచుండును. అట్టి దినములలో ఒక మరమ్మతు షెడ్డున నేను కూర్చుండగా, ఒక బండి యజమాని వచ్చి, "ఉస్తాద్, వెనుక ఇంకో రెండు పట్టీలు వెయ్యి. బస్తాలు ఎక్కువున్నయి" అనెను.

వృద్ధుడైన ఆ మెకానిక్కు తల యెత్తి, "బస్తాలు దింపినంక బండిల ఎవరు వస్తరు బిడ్డా?" అని యడిగెను.

"కూలోళ్లు వస్తరు."

"అయితే వెయ్యను. ఖాళీ బండి ఎగురుతది. మలుపుల చక్రం నేలను పట్టది."

ఆ మాటలో గొప్ప సత్యము కలదు. బరువు రెండింతలైన స్ప్రింగు వంగుటయు రెండింత లగునని రాబర్ట్ హుక్ అను శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. పట్టీలు పెరిగినకొలది కట్ట బిరుసెక్కి, తక్కువ బరువునకు వంగదు. అప్పుడు గతుకు తగిలిన చక్రము గాలిలోనికి లేచును. గాలిలోని చక్రము బండిని నెట్టజాలదు. బ్రేకు వేసినను ఆపజాలదు. కూర్చున్నవారి సుఖముకంటె చక్రమును నేల విడువనీయకుండుటయే కమాను కట్ట ముఖ్య ధర్మము.

అమెరికాలో మట్టి బాటలపై కారు పందెములు జరుగును. అచ్చట కార్లు ఎల్లప్పుడును ఎడమకే తిరుగును. బరువు కుడి ప్రక్కకు ఒరుగును. కావున వెనుక కుడి ఎడమల స్ప్రింగులను వేర్వేరు బిరుసుతో అమర్చుదురు. కుడి టైరు చుట్టుకొలతను కొంచెము పెద్దదిగ నుంతురు. తడి మట్టి యెండి జారుడైనచో ఆ యమరికను మరల మార్చుదురు. వేగమే ప్రాణముగ గలవారును మొదట కోరునది చక్రమునకు నేలపై పట్టే.

ఆగియున్న లారీ ప్రక్కన నిలిచి దాని వెనుక చక్రముల కడ చూడుడు. కొన్నింటికి పెద్ద కట్టపై చిన్న కట్ట యొకటి యుండును. బండి ఖాళీగ నున్నప్పుడు అది ఊరకుండును. బరువు పడినప్పుడు మాత్రమే పనికి వచ్చును. అవసరమైనంత బిరుసు, అవసరమైనప్పుడే! మిగిలిన వేళల వంగుటయే దాని బలము.