మేము దిద్దిన పందొమ్మిది పేర్లు

ప్రతి సంవత్సరం ఈ సంచికలో మేము పద్యాన్ని గురించో, శతకాన్ని గురించో నాలుగు మాటలు వ్రాయడం వాడుక. ఈ ఏడు గ్రంథాలయపు కంప్యూటరును గురించి వ్రాయవలసి వచ్చింది. ఇది మా విద్వత్తును చాటే వ్యాసం కాదు. మా తొందరపాటుకు మేమిచ్చుకొనే వాఙ్మూలం.

చల్లపల్లిలో ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులున్నారు. మేమంతా ఆయనను ఉస్తాద్ గారంటాము. తమ బీరువాలోని ఉర్దూ, తెలుగు పుస్తకాలను ఆయన మన కళాశాలకు దానం చేశారు. వాటిలో పందొమ్మిది ఉర్దూ పుస్తకాలకు ముఖపత్రాలు చిరిగిపోయాయి. వాటి పేర్లు ఆయన చెప్పగా మేమే కంప్యూటరులో ఎక్కించాము. "రిజిస్టరులో కూడా రాసుకో బేటా" అని ఆయన అంటే, "రిజిస్టర్ల కాలం పోయిందండీ" అని నవ్వాము.

మొన్నటి వేసవి సెలవులలో గ్రంథాలయపు సాఫ్ట్‌వేరును కొత్తదానికి మార్చారు. తెరచి చూడగా ఇంగ్లీషు పేర్లు చక్కగా ఉన్నాయి. తెలుగు, ఉర్దూ పేర్లకు బదులు నెత్తిన గీతలు గల ఐరోపా అక్షరాలు, సున్నలు, చుక్కలు బారులు తీరి ఉన్నాయి. మార్పుకు ముందు నకలు తీసి ఉంచినవారు లేరు. అంతా పోయిందనుకొన్నాము. ఉస్తాద్ గారిని రప్పించి, ఆ పందొమ్మిది పేర్లూ మళ్లీ చెప్పించుకొన్నాము. చీటీ మీదనైనా వ్రాసుకొనక, పాత గుర్తులు చెరిపి నేరుగా టైపు చేశాము. మరునాడు చూస్తే ఆ పందొమ్మిది చోట్లా వట్టి ప్రశ్నార్థకాలు!

కంప్యూటరు విద్య నేర్చిన మా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి, "మాస్టారూ, ఇక దేన్నీ ముట్టుకోకండి" అన్నాడు. మొట్టమొదట ఉన్నది ఉన్నట్లు మొత్తానికి నకలు తీశాడు. పిమ్మట, పేరులో 'కలం' అన్న మాట ఉన్న రెండు పుస్తకాల సంఖ్యలు అడిగాడు. ఒకటి తెలుగు, రెండవది ఉర్దూ. మాట రెండు భాషలకూ ఒక్కటే, అక్షరాలు మూడే. కాని తెర మీద తెలుగు కలానికి తొమ్మిది గుర్తులు, ఉర్దూ కలానికి ఆరు. "పేర్లు బ్రతికే ఉన్నాయి" అన్నాడతడు.

అతడు విప్పి చెప్పిన సంగతి ఇది. కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యుటిఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు అక్షరానికి మూడు పడతాయి. పాతదైన లాటిన్-1 పద్ధతి ఒక్కొక్క బైటునూ ఒక్కొక్క అక్షరంగా చదువుతుంది. పాత సాఫ్ట్‌వేరు వ్రాసేటప్పుడూ, చదివేటప్పుడూ అదే పొరపాటు చేసేది గనుక తప్పుకు తప్పు సరిపోయి, ఎవరికీ తెలియలేదు. కొత్తది సక్రమంగా చదవబోయేసరికి పాత లోపం బయటపడింది. అయితే మేము కొత్తగా టైపు చేసిన ఉర్దూ అక్షరాలకు ఆ లాటిన్ గళ్లలో చోటు లేదు. చోటు దొరకని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పడింది. అడుగున ఉన్న అసలు పేరు చెరిగిపోయింది.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఎదురైతే చాలు, ఆపిల్ ఫోన్లలో సందేశాలు చూపే ప్రోగ్రాములు కూలిపోయేవి. ఆ నెల 19న సవరణ వెలువడింది. అక్కడా లోపం అక్షరానిది కాదు, చదివే యంత్రానిది. మేము ఆ రెంటికీ తేడా విచారించక, చదువరి దోషానికి వ్రాతను శిక్షించాము.

మా శిష్యుడు ముందు నకలు మీద పరీక్షించాడు. గళ్లను వట్టి బైట్లుగా మార్చి, వాటినే యుటిఎఫ్-8గా గుర్తింపజేశాడు. పేర్లన్నీ వరుసగా లేచి నిలిచాయి. మేము 'దిద్దిన' పందొమ్మిది తప్ప.

రిజిస్టరు చంకన పెట్టుకొని, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్లాము. ఈలోగా ఉస్తాద్ గారు జబ్బుపడి లేచారు. కళ్లు మూసుకొని పదిహేడు పేర్లు చెప్పారు. తక్కిన రెండింటి కోసం చాలాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "ఈసారి సిరాతో రాశావుగా బేటా" అన్నారంతే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ఇకమీద ఏ మార్పుకైనా ముందు నకలు తీసి, ఆ నకలు తెరుచుకొంటున్నదో లేదో చూడాలి, రిజిస్టరూ సాగాలి. ఉర్దూ చదివే విద్యార్థులకు మరొకటి: ఆ రెండు పుస్తకాలు గ్రంథాలయంలో మా బల్ల మీదనే ఉన్నాయి. లోపలి పుటలు పదిలంగా ఉన్నాయి. చదివి, వాటి పేర్లు ఎవరైనా పోల్చగలిగితే ఉస్తాద్ గారికి మేమే స్వయంగా వెళ్లి చెప్పివస్తాము.