పేము మళ్లీ ఇంటికొస్తోంది
1806లో కంటోన్మెంటుగా వెలసిన సికింద్రాబాద్‌లో పాత బంగళాల వరండాలకు టేకు చట్రం, పేము అల్లిక ఉన్న వాలుకుర్చీలే అందం. అల్లిక సందుల్లోంచి గాలి ఆడుతుంది, ఎండాకాలంలో వీపుకు చెమట పట్టదు. ఫోమ్ సోఫాకు ఆ సుఖం ఎక్కడిది!

ఆ పేము మళ్లీ వస్తోంది.

2018 ఆగస్టులో ఫర్నిచర్ సంస్థ ఐకియా దేశంలోనే తన తొలి దుకాణాన్ని హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచింది. విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునే సామాను ఇక్కడి ఫ్లాట్లకు అలవాటైంది. ఇప్పుడు ఆ ఫ్లాట్లవాళ్లే అల్మరా తలుపులకు పేము జాలీ, గోడలకు మట్టిరంగులు కోరుతున్నారు. 1950లలో వాస్తుశిల్పి పియర్ జన్నరే చండీగఢ్ కార్యాలయాల కోసం రూపొందించిన టేకు, పేము కుర్చీలైతే విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి.

మోజు మంచిదే. కానీ అల్లిక తెగిందని తాతల కుర్చీని పారేసి, అదే నమూనా కొత్తది కొనడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. గట్టి టేకు చట్రం అంత తేలిగ్గా పాడవదు. నానబెట్టిన కొత్త పేము బద్దలతో మళ్లీ అల్లిస్తే చాలు.