తాళంచెవి ఎవరి దగ్గర?

శంషాబాద్‌లోని మా అత్తగారింట్లో ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. లైసెన్సు మామయ్య పేరు మీద. ఒకప్పుడు పొలంలో అడవిపందుల బెడద ఉండేదట. ఆ పొలం విమానాశ్రయం కింద పోయింది. 2008 నుంచి అక్కడ విమానాలు దిగుతున్నాయి. తుపాకీ మాత్రం మంచం కింద, గోనెసంచీలో అలాగే ఉండిపోయింది.

మా పాప మంచం కింద దాక్కునే ఆట మొదలుపెట్టాక నాకు నిద్ర కరువైంది. ఇనప బీరువా కొని గోడకి బిగించాల్సిందేనని పట్టుబట్టాను. తుపాకీని భద్రంగా దాస్తామని లైసెన్సుదారు హామీ ఇవ్వాలని 2016 ఆయుధాల నియమాలు చెబుతున్నాయని మామయ్యకి చూపించాను. చివరికి ఒప్పుకున్నాడు.

నేనే దగ్గరుండి బిగింపించాను. నాలుగంగుళాల అడ్డుగోడ బరువాగదని మేస్త్రీ తొమ్మిదంగుళాల ఇటుకగోడ ఎంచుకున్నాడు. లోపల కరెంటు వైర్లు లేవని చూసుకుని, ప్లాస్టర్ దాటి ఇటుకలోకి దిగేలా డ్రిల్లు వేశాడు. దుమ్మంతా ఊదేసి ఫాస్టనర్లు కొట్టాడు. బయటినుంచి విప్పే వీల్లేకుండా బోల్టులన్నీ బీరువా లోపలినుంచే బిగించాడు. తూటాలకి వేరే తాళంతో చిన్న అర. నేను రెండు చేతులతో ఊపి చూశాను. కదల్లేదు. తృప్తిగా అనిపించింది.

గడపలో నిలబడి చూస్తున్న అత్తమ్మ, "మంచిగనే బిగిపిచ్చినవ్ బిడ్డా, దొంగలు ఎత్కపోరు. మరి తాళంచెవి ఎవరి తాన ఉంటది?" అంది.

"లైసెన్సున్న మామయ్య దగ్గరే అత్తమ్మా, చట్టం అంతే" అన్నాను.

ఆ సాయంత్రం వంటింట్లో, నా వైపు చూడకుండా చెప్పింది. "పెండ్లయిన మూడో ఏడు. తాగొచ్చి, తుపాకి ఒళ్లో పెట్టుకొని తెల్లారేదాంక కూసున్నడు. కొట్టలె. ఒక్క మాట అనలె. ఆనాటి సంది నేను ఎదురు మాట్లాడలె."

నలభై ఏళ్లుగా అందరం అది ఆవిడ నెమ్మది స్వభావమనుకున్నాం.

2005 గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నియమాల్లో, హింసకి వాడిన ఆయుధాన్ని కోర్టు చెబితే రక్షణాధికారి స్వాధీనం చేసుకోవచ్చని ఉంది. నేను విద్యార్థినులకి ఎన్నోసార్లు చెప్పిన విషయమే. కానీ పేలని తుపాకీ గురించి ఏ ఫారంలో రాయాలి? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధపోరాట స్త్రీల అనుభవాలు చదివి పొంగిపోయినదాన్ని. తుపాకీ పట్టిన స్త్రీలు నాకు తెలుసు. తుపాకీ మీది మంచంలో నలభై ఏళ్లు పడుకున్న స్త్రీ నా కళ్ళెదుట ఉన్నా కనపడలేదు.

2023 శాసనసభ ఎన్నికలప్పుడు మామయ్య తుపాకీని పోలీసుస్టేషన్లో డిపాజిట్ చేశాడు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆయన కూరలో ఉప్పెక్కువైందంటే, రేపటినుంచి నువ్వే వండుకొమ్మంది అత్తమ్మ. నేను వినడం అదే మొదటిసారి. మామయ్య తలెత్తి చూసి, మాట్లాడకుండా తిన్నాడు.

ఎన్నికలయ్యాయి. తుపాకీ తిరిగొచ్చింది. బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ రాత్రి అత్తమ్మ అన్నం వడ్డించి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

పాప కోసం బీరువా అడిగి సాధించుకున్నాను. అత్తమ్మ కోసం అడగాల్సింది బీరువా కాదు. ఆ లైసెన్సు వదులుకోమని అడగాలి. ఇంకా అడగలేదు.