ఆ పిలగానికి నోరు లేదా?

ప్రేమకథలకు మన తెలుగు సినిమాలో ఏనాడూ కరువు లేదు. కరువల్లా, ప్రేమించుకున్న ఇద్దరి మధ్య మాట తెగిపోయే ఘడియను నిజాయితీగా చూపించే కథలకే. అటువంటి ఒక చిన్న సినిమా గురించి నాలుగు మాటలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నేను విమర్శకుణ్ణి కాను. కల్హేర్ రైతు బిడ్డను, బి.ఎస్సీ. చదువుతున్నవాణ్ణి. నా తూకం రైతు తూకం, నా లెక్క ల్యాబ్ లెక్క. పెద్దలు మన్నించాలి.

ఆ సినిమా పేరు 'రాములా'. 2021 ఫిబ్రవరి 19న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'పిట్ట కథలు'లోని నాలుగు కథల్లో ఇదొకటి. మిగతా మూడింటిని నందినీ రెడ్డి, నాగ్ అశ్విన్, సంకల్ప్ రెడ్డి తీస్తే, దీన్ని 'పెళ్ళిచూపులు' తరుణ్ భాస్కర్ తీశారు. గంట కూడా పట్టని సినిమా.

కథ చిన్నదే. తెలంగాణ పల్లె పిల్ల రాములా, పిలగాడు రాంచందర్. ఫోన్లో పొట్టి వీడియోలు చేసుకుంటూ దగ్గరైన జంట. 2020 జూన్ 29న టిక్‌టాక్ బంద్ అయ్యేదాకా మా పత్తి చేల గట్ల మీద కూడా ఇవే వీడియోలు! ప్రేమ ముదిరే వేళకు పిలగాని ఇంట్లోవాళ్ళు వేరే సంబంధం చూస్తారు. అతను నసుగుతాడు. ఆమె ఊరుకోదు. న్యాయం కోసం స్వరూపక్క అనే మహిళా నాయకురాలి గడప తొక్కుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చూడనివారి కోసం చెప్పకుండా వదిలేస్తున్నాను.

ముందు మెచ్చుకోవలసినవి చెప్తాను. మొదటిది భాష. ఒకప్పుడు మన యాస సినిమాలో రౌడీకో, నవ్వించేవాడికో మాత్రమే దక్కేది. 2017లో 'ఫిదా' వచ్చి, మాకు దగ్గర్లోని బాన్సువాడ పిల్లను కథానాయికను చేసింది. మేమంతా మురిసిపోయాం. 'రాములా'లో అదే యాస అలుగుతుంది, కొట్లాడుతుంది, బతిమాలుతుంది. శాన్వి మేఘన నోట ఆ మాటలు వింటుంటే మా గల్లీ పిల్లే మాట్లాడుతున్నట్టుంటుంది.

రెండవది, ఫోను సంగతి. వీడియోలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. చూసే కళ్ళు ఎన్నో. కాని, కూచుని రెండు మాటలు మాట్లాడుకోవడానికి చోటేది? చెరువు కట్ట మీదా, గుడి దగ్గరా, బస్టాండులో, ఎక్కడైనా ఎరుకైనవాళ్ళే. కల్హేర్ బస్టాండులో ఒక పిలగాడు ఒక పిల్లతో ఐదు నిమిషాలు మాట్లాడితే, వాళ్ళకంటె ముందు ఆ ముచ్చట ఇల్లు చేరుతుంది. చోటు లేని ప్రేమకు చిన్న అలక కూడా పెద్ద తగువే. ఈ సత్యాన్ని దర్శకుడు ఉపన్యాసం లేకుండా పట్టుకున్నారు.

ఇదే 'పిట్ట కథల్లో' నందినీ రెడ్డి తీసిన 'మీరా' కూడా ఆలుమగల మధ్య కలతే. అక్కడ తప్పెవరిదో వెదకనక్కర లేదు. జగపతిబాబు వేసిన భర్త అనుమానమే ఆ ఇంటికి చీడ. 'రాములా'లో అంత సులువుగా వేలు చూపలేం. అందుకే ఇది నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది.

ఇక లోపం. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా అమ్మకు ఫోన్లో ఈ సినిమా చూపించాను. కందులు చెరుగుతూ చూసింది. రాంచందర్ నసుగుడు చూసి చెరుగుడు ఆపి, "గా పిలగానికి నోరు లేదారా?" అన్నది.

"నోరుంటే నువ్వు ఊకుంటవా అమ్మా?" అన్నాను.

అమ్మ నా దిక్కు చూసింది. "ముందుగాల నీ అన్న లగ్గం కానియ్యి" అని మళ్ళీ చేట అందుకున్నది.

సినిమాలో లేనిది ఆ ఒక్క మాటలో ఉన్నది. మా అక్క పెళ్ళికి నాయన ఎకరం భూమి అమ్మిండు. బోరుకు తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుతున్నది. ఆ ఎకరం మా అన్న కట్నంతో తిరిగి రావాలె. అన్నది చాలకపోతే నాది. పట్టా నాయన పేరు మీద, అప్పు ఇంటిల్లిపాది మీద. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా మా ఇళ్ళల్లో అది నేరంగా కాదు, పంటలాగా లెక్కకొస్తుంది. చట్టం ప్రకారం మగపిల్లవాడికి 21 నిండాలి, కనుక నాకింకా పెళ్ళి వయసే రాలేదు. నా పెళ్ళి లెక్క మాత్రం ఇంట్లో ఎప్పుడో మొదలైంది!

ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం తీగకు ఒక్కొక్క బరువే వేలాడదీసి, ఎంత సాగిందో రాసుకుంటాం. హద్దు దాటితే బరువులు తీసినా తీగ మళ్ళీ మొదటి పొడవుకు రాదు. ఇంకా వేస్తే తెగుతుంది. తెగినప్పుడు తీగను తిట్టం. ఎన్ని బరువులు వేశామో చూసుకుంటాం. 'రాములా' తీగ తెగడం చూపించింది, బరువులు పూర్తిగా చూపించలేదు. రాంచందర్‌ను చూసి నవ్వడం, ఈసడించుకోవడం తేలిక. హాస్టల్ గదిలో మా మిత్రులందరూ అదే చేశారు. కాని ఆ గదిలో ఎంతమంది రాంచందర్లున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

మరొక మాట. "ప్రేమించి మోసం చేశాడని ప్రియుడి ఇంటి ముందు యువతి ధర్నా" అనే వార్త జిల్లా పేజీలో చదవనివారు మనలో ఎవరున్నారు? ఫొటోలో ఆమె గడప ముందు కూచుని ఉంటుంది, చుట్టూ జనం ఉంటారు. మర్నాడు ఆ పేజీలో వేరే వార్త ఉంటుంది. ఆమె ఏమైందో మనకు తెలియదు. మంచు లక్ష్మి వేసిన స్వరూపక్క పాత్ర ఈ వార్త వెనక నడిచే కథ చెప్తుంది. మగవాళ్ళ పార్టీలో తన కుర్చీ కోసం పెనుగులాడే ఆడది, ఇంకో ఆడపిల్ల కన్నీళ్ళను ఏ కంటితో చూస్తుంది? ఇద్దరి తగువులోకి వచ్చిన ప్రతివాళ్ళూ తమ అవసరాన్ని వెంటబెట్టుకునే వస్తారు. ఈ సినిమా చెప్పిన గట్టి మాట ఇదే.

కనుక నా తీర్పు ఇది. 'రాములా' చూడవలసిన సినిమా. ఆడపిల్ల పక్షాన నిలబడింది, మన మాటలో మాట్లాడింది. పిలగాని ఇంటి లెక్క కూడా విప్పి ఉంటే ఇంకా గొప్పదయ్యేది. అలాగని ఆ లెక్క తెలిసినంత మాత్రాన రాంచందర్ను నేను వెనకేసుకు రాను. రాములా ఇంట్లో అప్పులు లేవా? ఆమె నాయన రేపు కట్నానికి ఏ చెలక అమ్మాలె? బరువు ఇద్దరి మీదా ఉన్నది. నోరు విప్పింది ఆమె ఒక్కతే.

ఇంటివాళ్ళను ఎదిరించే ధైర్యం అందరికీ రాకపోవచ్చు. కట్నం డబ్బు మీద ఆధారపడ్డ ఇంట్లో ఆ ధైర్యం ఎంత ఖరీదో నాకు తెలుసు. కాని చెప్పవలసిన మాట, అవునో కాదో, ఆ పిల్ల ఎదుట నిలబడి, ఫోను పక్కన పెట్టి, మధ్యవర్తి లేకుండా చెప్పడానికి ఎకరాలు అక్కర లేదు. ఆ పాటి నోరు మనకుండాలె. ఉన్నదా అన్నది, మిత్రులారా, మనలో ప్రతి ఒక్కరూ తమను తాము అడుక్కోవలసిన ప్రశ్న.