రాడ్డు, ఇస్త్రీపెట్టె, ఒక చిన్న భాగహారం

జనవరిలో ఒక పొద్దున. వంటింట్లో ఉప్మాకి పోపు వేస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. పరుగెత్తి చూద్దును కదా, అత్తమ్మ గదిలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక మూల నల్లబడి, లక్కలా మెత్తబడి ఉంది. గీజర్ పాడవడంతో అప్పటికి వారం రోజులుగా బకెట్లో హీటర్ రాడ్డు పెట్టుకుని నీళ్లు కాచుకుంటున్నాం.

మెయిన్ ఆపాను కానీ నా నోరు ఆపుకోలేకపోయాను. "రాడ్డు పెట్టి మర్చిపోతే ఎట్లా అత్తమ్మా, ఇల్లు కాలిపోయేది కదా!" అనేశాను. ఆమె "రోజు పెట్టినట్టే పెట్టిన బిడ్డా" అని ఒక్క మాటే అంది. ఆ రోజు చన్నీళ్లు పోసుకుంది. డెబ్బై రెండేళ్ల మనిషి.

సాయంత్రాలు మా అమ్మాయిని అంబర్‌పేట నుంచి తార్నాకలో ట్యూషన్‌కి స్కూటీ మీద దింపుతాను. దారి యూనివర్సిటీ క్యాంపస్ మీదుగానే. ఆ రోజు కాస్త ముందే బయల్దేరాం, ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఆగి కూర్చున్నాం. అది పదో తరగతి. విద్యుత్తు పాఠం అప్పుడే అయిపోయిందట.

"అమ్మా, రాడ్డు మీద ఎన్ని వాట్స్ అని ఉంది?" అంది.

"పదిహేను వందలు."

నోట్‌బుక్ తీసింది. నేను బీఏ తెలుగు. సంధులు విడగొట్టమంటే నిద్రలో కూడా విడగొడతాను గానీ, అంకెలు చూస్తే మాత్రం నాకు భయం. కానీ ఆ రోజు ఎందుకో చూస్తూ కూర్చున్నాను.

అది చెప్పింది ఇంతే. వోల్టేజి అంటే మేడ మీది ట్యాంకు నీళ్లకు ఉండే ఒత్తిడి లాంటిది. ఆంపియర్లు అంటే పైపులో ఎంత పారుతోందో ఆ లెక్క. నిరోధం అంటే ఆ పారేదానికి దారిలో ఉన్న అడ్డు. మన ఇళ్లకు వచ్చేది సుమారు 230 వోల్టులు. వాట్స్‌ని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1500ని 230తో భాగిస్తే 6.5. మళ్లీ ఆ 230ని 6.5తో భాగిస్తే రాడ్డు నిరోధం, దాదాపు 35 ఓమ్‌లు. ఈ సూత్రాన్ని జార్జ్ సైమన్ ఓమ్ అనే జర్మన్ పంతులు 1827లో పుస్తకంగా అచ్చు వేశాడట. భాగహారమే కదా, ఇంతేనా అనిపించింది.

కాలిన బోర్డు ఫోటో ఫోన్‌లో ఉంది. దాని మీద 6 ఆంపియర్లు అని రాసి ఉంది.

"చూశావా, నానమ్మ రాడ్డు వల్లే!" అన్నాను.

"అర ఆంపియరే కదమ్మా ఎక్కువ. వారం రోజులు కాలనిది ఇవాళే ఎందుకు కాలింది? ఇంకేమన్నా పెట్టారా దానికి?"

నా నోట మాట రాలేదు. పొద్దున దాని యూనిఫామ్‌కే ఇస్త్రీ చేశాను, అదే బోర్డుకి పెట్టి. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్స్. అంటే ఇంకో 4.3 ఆంపియర్లు. రెండూ కలిపితే దాదాపు 10.9.

అది ఇంకో లెక్క కూడా వేసింది. ప్లగ్గు వదులుగా ఉంటే ఆ చోట కొంచెం నిరోధం పుడుతుంది. అర ఓమ్ అనుకుందాం అంది. అక్కడ పుట్టే వేడి తెలియాలంటే ఆంపియర్లను వాటితోనే గుణించి, నిరోధంతో మళ్లీ గుణించాలి. రాడ్డు ఒక్కటే ఉంటే 21 వాట్స్. ఇస్త్రీపెట్టె కూడా తోడైతే 59. కరెంటు రెట్టింపు కూడా కాలేదు, వేడి మాత్రం దాదాపు మూడింతలు. పాతకాలం అరవై వాట్స్ బల్బు వేడంతా గోరంత చోట!

"మరి ఎంసీబీ పడిపోలేదేం?"

"మనది 16 ఆంపియర్లదమ్మా. దానికి పదకొండు ఎక్కువేం కాదు. అది గోడలో వైర్లను కాపాడుతుంది, మన బోర్డుని కాదు."

అసలు ఆ రాడ్డుది లావు పిన్నుల ప్లగ్గు. చిన్న సాకెట్‌లో పట్టదు. పట్టనివ్వకపోవడమే అది మనకు చెప్పే జాగ్రత్త. పట్టేలా చేసే కన్వర్టర్ కొని తెచ్చింది ఎవరనుకున్నారు? నేనే.

ఇంటికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. "తప్పు నాది అత్తమ్మా. నేనే ఇస్త్రీపెట్టె కూడా దానికే పెట్టిన" అన్నాను.

"ఎట్ల తెలిసింది?"

"నీ మనవరాలు లెక్క వేసింది."

"నేను చెప్తే నమ్మలే, లెక్క చెప్తే నమ్మినవ్" అంది. నవ్వుతూనే అంది కానీ, గుచ్చుకుంది.

మర్నాడు కన్వర్టర్ చెత్తబుట్టలో పడేశాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గీజర్ బాగు చేయించి, లావు పిన్నులకు వేరే 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాను. వంటింటి అల్మరా తలుపుకి ఒక కాగితం అంటించాను. మిక్సీ 750 వాట్స్, 3.3 ఆంపియర్లు. కెటిల్ 1500, 6.5. గీజర్ 2000, 8.7.

మీరూ ఒకసారి మీ ఇంట్లో వస్తువుల వెనక రాసి ఉన్న వాట్స్ చూసి, 230తో భాగించి చూడండి. ఒకే బోర్డుకి ఏవేవి పెడుతున్నారో కలిపి చూడండి. పది నిమిషాల పని. ఎవరినైనా అనే ముందు చేస్తే ఇంకా మంచిది.